ఆర్ అండ్ డీ ప్రాజెక్టులన్నీ ఆలస్యమవుతున్నాయి, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

మీది హైదరాబాద్‌లో ఏపీఐ (మందుల్లో పనిచేసే అసలు రసాయనం) తయారుచేసే కంపెనీ, 18 మంది కెమిస్టులు, 14 ప్రాజెక్టులు, ఎవరి ఎక్సెల్ వాళ్లది, మిగతాదంతా వాట్సాప్ గ్రూపుల్లో. ఏడాదికి నాలుగు మించి ప్లాంటుకి వెళ్లడం లేదు, జిరా (పనులు ట్రాక్ చేసే సాఫ్ట్‌వేర్) కొంటే దారికొస్తుందా అని అడిగారు. ఇప్పుడే కొనకండి.

ముందు 14ని 4తో భాగించండి. మూడున్నర. మొదలుపెట్టిన ప్రాజెక్టు బయటపడటానికి మీ దగ్గర సగటున పట్టే కాలం అది, ఏళ్లలో. లిటిల్స్ లా అంటారు దీన్ని. పూర్తయ్యే వేగం అంతే ఉండి, చేతిలో ఉన్నవి ఏడుకి దిగితే 21 నెలలు. మిగతా ఏడింటినీ రద్దు చేయక్కర్లేదు, పక్కన పెట్టి ఒకటి ముగిశాకే ఇంకొకటి తీయండి. బిజినెస్ డెవలప్‌మెంట్ వాళ్లు "కాస్త మొదలుపెట్టి ఉంచండి సార్" అంటారు. ఆ "కాస్త" దగ్గరే కొంప మునిగేది.

తర్వాత, పని ఎక్కడ ఆగుతోందో చూడండి. బాలానగర్, జీడిమెట్ల ల్యాబుల్లో నేను ఎక్కువగా చూసింది ఎనలిటికల్ (శాంపిళ్లు పరీక్షించే విభాగం) దగ్గరే. రియాక్షన్ మధ్యాహ్నానికి అయిపోతుంది, రిజల్ట్ మూడో రోజుకి వస్తుంది. 50 నిమిషాల హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్‌లో ఏవి ఎంతున్నాయో విడదీసి చూపే మిషన్) మెథడ్ అనుకోండి. బ్లాంక్ (శాంపిల్ కలపని ద్రావణం) ఒకటి, స్టాండర్డ్ (పోల్చుకోవడానికి తెలిసిన నమూనా) ఆరు, మొత్తం ఏడు ఇంజెక్షన్లు. మీ శాంపిల్ వంతు రావడానికే 350 నిమిషాలు, దాదాపు ఆరు గంటలు. వెనకాలే ఇంకో ప్రాజెక్టు శాంపిల్ వస్తే మిషన్‌లోని కాలమ్ (విడదీసే గొట్టం) మార్చాలి, మొబైల్ ఫేజ్ (అందులో పారే ద్రావణం) మార్చాలి, బేస్‌లైన్ (గ్రాఫ్‌లో అడుగు గీత) నిలబడాలి, మళ్లీ బ్లాంక్, మళ్లీ ఆరు. 14 ప్రాజెక్టులంటే మిషన్ రోజంతా నడుస్తూనే ఉంటుంది, శాంపిళ్లు మాత్రం ట్రేలో పడి ఉంటాయి.

అందుకే ఒక్కో మెథడ్‌కి వారంలో రోజులు కేటాయించండి: సోమ, గురువారాలు ఈ ప్రాజెక్టు, మంగళ, శుక్రవారాలు ఆ ప్రాజెక్టు. రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూడటానికి టీఎల్‌సీ (ప్లేటు మీద చుక్క పెట్టి చూసే త్వరిత పరీక్ష), లేదంటే పది నిమిషాల చిన్న మెథడ్ చాలు. పొడవాటి మెథడ్ ఐసొలేట్ చేసిన (పదార్థాన్ని విడిగా బయటికి తీసిన) స్టేజికే వాడండి. మిషన్‌ని నూటికి నూరు శాతం నింపాలని మాత్రం చూడకండి. సాదా క్యూ లెక్కలో 80 శాతం బిజీగా ఉంటే, ఒక శాంపిల్‌కి పట్టే టైమ్‌కి నాలుగు రెట్లు ఎదురుచూడాలి. 90కి తొమ్మిది రెట్లు, 95కి పందొమ్మిది.

ఎక్సెల్‌లో "80 శాతం పూర్తి" కాలమ్ తీసేయండి. మొండి ఇంప్యూరిటీ (మలినం) ఒక్కటి మిగిలినా 80 శాతమే, ఏమీ తేలకపోయినా 80 శాతమే. గోడ మీద బోర్డు, ప్రాజెక్టుకో కార్డు. కార్డు మీద మూడే సంగతులు: తర్వాతి ప్రయోగం ఏంటి, ఎవరి కోసం ఏ తేదీ నుంచి ఆగాం, ఎప్పుడు వదిలేస్తాం. మూడోది ప్రయోగాలు మొదలవకముందే రాయాలి. ఉదాహరణకి: "ఎనిమిది ప్రయోగాల్లో తెలియని ఇంప్యూరిటీ 0.10 శాతం లోపుకి రాకపోతే రూట్ (తయారీ దారి) మారుస్తాం." ముందే రాయకపోతే ఎనిమిది కాస్తా ఇరవై అవుతుంది, ఎందుకంటే తన రూట్ పోయిందని ఒప్పుకోవడం ఏ కెమిస్టుకీ ఇష్టం ఉండదు. వారానికి రెండుసార్లు, 15 నిమిషాలు, నిలబడి మాట్లాడుకోండి. కదలని కార్డుల గురించే.

యాక్సిలరేటెడ్ స్టెబిలిటీ (వేడిలో, తేమలో మందు నిలుస్తుందో చూసే పరీక్ష) 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర ఆరు నెలలు. ఎంతమందిని పెట్టినా ఆరు నెలలే. డీఎంఎఫ్ (డ్రగ్ మాస్టర్ ఫైల్, తయారీ వివరాలతో నియంత్రణ సంస్థకి ఇచ్చే ఫైల్) తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ఇంప్యూరిటీ స్టాండర్డ్ల ఇండెంట్ (కొనమని రాసే కోరిక) రూట్ ఖాయమైన వారమే వెళ్లిపోవాలి.

మన ఊళ్లో కెమిస్టులు జీడిమెట్ల నుంచి జీనోమ్ వ్యాలీకి మారడం మామూలే. ఫెయిలైన ప్రయోగాలు వాళ్లతోపాటే వెళ్లిపోతాయి. ప్రాజెక్టుకో పేజీ పెట్టి, పనిచేయని సాల్వెంట్, పనిచేయని బేస్, ఎందుకో ఒక లైను రాయించండి.

ఇదంతా మూడు నెలలు నడిచాక సాఫ్ట్‌వేర్ చూసుకోవచ్చు. అంతకంటే ముందు, ప్రాజెక్టుకి ఒకే కోడ్ ఇవ్వండి. పర్చేజ్‌లో ఒక పేరు, నోట్‌బుక్‌లో ఇంకో పేరు, ప్లాంటులో మూడో పేరు ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ వాటిని కలపలేదు. పాత మెయిళ్లలో పేర్లు మార్చే జోలికి పోవద్దు. ఒక తేదీ నుంచి కోడ్ లేని శాంపిల్ స్లిప్ ఎనలిటికల్ వాళ్లు తీసుకోకపోతే, పది రోజుల్లో అందరికీ అదే అలవాటవుతుంది.