200 లీటర్ల రీఫ్ ట్యాంకులో ఏ చేపలు, ఎన్ని నత్తలు?

మీ ప్రశ్న ఇది: 200 లీటర్ల కొత్త రీఫ్ ట్యాంకు (కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), సైక్లింగ్ (వ్యర్థాల్ని శుద్ధి చేసే బాక్టీరియా పెరగనివ్వడం) పూర్తయింది, కొన్ని జోయాంథిడ్లు, ఒక హామర్ కోరల్ లాంటి పగడపు జీవులు పెట్టారు. ఇప్పుడు ఒక జత క్లౌన్ చేపలు, ఒక మాండరిన్ చేప, ఒక ఎల్లో టాంగ్ చేప, వాటితో పాటు షాపువాళ్లు చెప్పిన 50 జీవుల క్లీనప్ ప్యాకేజీ (నాచు, మిగిలిన తిండి తిని ట్యాంకుని శుభ్రం చేసే నత్తల్లాంటివి) వేయొచ్చా అని అడిగారు. క్లౌన్ జతని వేయండి. మాండరిన్ ఆగాలి. టాంగ్, ఆ ప్యాకేజీ మాత్రం మీ ట్యాంకుకి పనికిరావు.

చాలా ఏళ్లుగా రీఫ్ ట్యాంకులు పెంచుతున్నాను. ఏ జీవిని కొనబోయే ముందైనా నేను చూసుకునేది ఒక్కటే: ఆరు నెలల తర్వాత ఇది నా ట్యాంకులో ఏం తిని బతుకుతుంది? షాపులో రాసి ఉండే ‘రీఫ్ సేఫ్’ అన్న మాటకి అర్థం, ఆ జీవి కోరల్స్ జోలికి పోదని మాత్రమే. దానికి సరిపడా తిండి మీ దగ్గర ఉందో లేదో ఆ మాటలో ఉండదు.

మాండరిన్‌నే తీసుకోండి. రాళ్ల మీద తిరిగే కోపెపాడ్‌ల లాంటి చిన్న చిన్న జీవుల్ని పొద్దస్తమానం ఏరుకుని తింటూనే ఉంటుంది. కొత్త రాళ్లలో అవి ఏపాటి ఉంటాయి? ఉన్న కాసినీ కొన్ని వారాల్లో అయిపోతాయి. బయటి నుంచి వేసే తిండిని చాలా మాండరిన్లు ముట్టుకోవు. రంగులు అలాగే మెరుస్తుంటాయి కాబట్టి బాగానే ఉందనుకుంటాం, ఈలోగా డొక్క లోపలికి పోయి చిక్కి శల్యమైపోతుంది. అంత అందమైన చేప అలా చనిపోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఏడాది ఆగండి. రాళ్లలో జీవం బాగా పెరిగాక, వీలైతే ఒక రెఫ్యూజియం (చేపలు తినకుండా ఆ చిన్న జీవులు పెరిగే వేరే అర) కూడా పెట్టుకుని, ఫ్రోజెన్ తిండి అలవాటైన మాండరిన్‌ని తెచ్చుకోండి. కొనే ముందు అది తింటుండగా కళ్లారా చూడండి.

ఎల్లో టాంగ్ సంగతి తిండి కన్నా జాగాతో ముడిపడింది. దాదాపు 20 సెంటీమీటర్ల దాకా పెరిగి, రోజంతా ఈదుతూ నాచు మేసే చేప. కనీసం నాలుగు అడుగుల పొడవు, 400 లీటర్ల నీళ్లు లేనిదే దాన్ని తేకూడదన్నది నా అభిప్రాయం. ఇరుకు ట్యాంకులో టాంగ్‌లకి టెన్షన్ ఎక్కువై, తెల్లమచ్చల జబ్బు తొందరగా అంటుకుంటుంది. నాచు మేసే చిన్న చేపే కావాలంటే టెయిల్‌స్పాట్ బ్లెన్నీ ఉంది. దానికి కూడా నాచు ఒక్కటే చాలదు, నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) గానీ నాచు కలిసిన పెల్లెట్లు గానీ వేస్తూ ఉండాలి.

క్లౌన్‌లలో ఆసెలారిస్ రకం, ట్యాంకుల్లో పుట్టి పెరిగినవి తీసుకోండి. క్లౌన్లు అన్నీ మొదట మగవే. జతలో బలమైనది ఆడగా మారుతుంది. అందుకని ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది తెస్తే గొడవ తక్కువ. రెండూ బాగా ఎదిగినవైతే కొట్టుకునే అవకాశం ఎక్కువ. వీటికి ఎనిమోన్ (క్లౌన్లు ఇల్లు చేసుకునే, కుట్టే సముద్ర జీవి) అక్కర్లేదు, కొత్త ట్యాంకులో అసలే వద్దు. ఎనిమోన్ ఒకచోట ఉండకుండా నడుచుకుంటూ పోయి దారిలో ఉన్న కోరల్స్‌ని కుడుతుంది. ఒక్క హెచ్చరిక: ఎనిమోన్ లేని క్లౌన్లు కొన్నిసార్లు హామర్ కోరల్‌ని ఇల్లు చేసుకుంటాయి. నా దగ్గర ఒక జత అలాగే చేస్తే హామర్ సరిగా విచ్చుకోవడం మానేసింది. కొన్నాళ్లు వేరే మూలకి మార్చాక తేరుకుంది.

వీటితో పాటు ఒక రాయల్ గ్రామా, ఒక ఫైర్‌ఫిష్ సరిపోతాయి. ఫైర్‌ఫిష్ బెదిరితే బయటికి దూకేస్తుంది, పైన వల మూత తప్పనిసరి. ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన జోడీ వాచ్‌మన్ గోబీ అనే చేప, పిస్టల్ రొయ్య. రొయ్యకి చూపు బాగా తక్కువ. అది ఇసుక తవ్వి బొరియ చేస్తుంటే గోబీ గుమ్మంలో కాపలా కాస్తుంది. బయటికొచ్చినప్పుడల్లా రొయ్య తన మీసాన్ని గోబీ ఒంటికి ఆనించే ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే గోబీ తోక ఆడిస్తుంది, క్షణంలో ఇద్దరూ లోపల. గంటలు గంటలు చూసినా తనివి తీరదు. కానీ ఇవి తవ్వుతూ పోతే ఇసుక మీద ఆనించిన రాళ్లు కూలతాయి. కాబట్టి రాళ్లు నేరుగా అడుగు అద్దం మీదే ఆని ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

మొత్తం ఐదారు చిన్న చేపలు మీ ట్యాంకుకి చాలు. ఒక్కోదానికీ మధ్య రెండు మూడు వారాల వ్యవధి ఇవ్వండి, బెదురు చేపల్ని ముందు వేయండి. సిక్స్‌లైన్ రాస్, డాటీబ్యాక్ లాంటి దుడుకువాటిని నేనైతే చిన్న ట్యాంకులో పెట్టను. బటర్‌ఫ్లై చేపలు చాలావరకు కోరల్స్‌ని కొరికి తింటాయి. ట్రిగ్గర్లు, పఫర్లు మీ నత్తల్నే తినేస్తాయి.

ప్రతి చేపనీ కనీసం నాలుగు వారాలు వేరే ట్యాంకులో క్వారంటైన్ చేయండి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు. తెల్లమచ్చల జబ్బుకి వాడే రాగి మందు నత్తల్ని, రొయ్యల్ని, కోరల్స్‌ని చంపేస్తుంది, రీఫ్ ట్యాంకులో వేయలేం. ఈ జబ్బు తెచ్చే పరాన్నజీవి ఒకసారి లోపలికి వస్తే చేపలన్నిటినీ బయటికి తీసి ట్యాంకుని చేపలు లేకుండా ఉంచాలి. ఎక్కువమంది పాటించే గడువు 76 రోజులు.

ఇప్పుడు క్లీనప్ జీవుల సంగతి. కొత్త ట్యాంకులో మొదట డయాటమ్స్ అనే గోధుమరంగు నాచు పరుచుకుంటుంది. 50 జీవులు దిగితే అది రోజుల్లో మాయమవుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆ తర్వాత తినడానికేమీ ఉండదు. నత్తలు ఒక్కొక్కటే గుల్లలోనే చచ్చి కుళ్లిపోతాయి, అమ్మోనియా పెరుగుతుంది. ఇంకో మాట, నత్త తిన్న నాచు మలమై మళ్లీ నీళ్లలోకే వస్తుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గాలంటే స్కిమ్మర్ (నీళ్లలోని వ్యర్థాల్ని నురగగా తీసే పరికరం), నీళ్ల మార్పిడి, తిండి అదుపు ఉండాలి. నత్తలు చేసే సాయం, నాచు కోరల్స్ మీదకి పాకకుండా మేస్తూ ఉండటం.

మొదట ఐదారు ట్రోకస్, నాలుగైదు సెరిత్, నాలుగు నసారియస్ నత్తలు చాలు. ట్రోకస్ వెల్లకిలా పడినా తనంతట తను తిరిగి లేస్తుంది, ఆస్ట్రేయా రకం నత్త చాలాసార్లు లేవలేక అలాగే చస్తుంది. అందుకే నా ట్యాంకులో ట్రోకస్‌కే ఓటు. సెరిత్‌లు అద్దం, ఇసుక కలిసే చోటు శుభ్రం చేస్తాయి. నసారియస్ నాచు ముట్టదు. ఇసుకలో కూరుకుపోయి ఉండి, తిండి వాసన తగలగానే పైకి వచ్చి చేపలు వదిలేసినదాన్ని తింటుంది. మెక్సికన్ టర్బో గట్టిగా మేస్తుంది కానీ అంటించని కోరల్ ముక్కల్ని దొర్లించేస్తుంది, పైగా చల్లటి నీళ్ల జీవి.

హెర్మిట్ పీతలు గుల్ల కోసం నత్తల్ని చంపుతాయి. పెంచాలనుకుంటే ఖాళీ గుల్లలు కొన్ని ఇసుక మీద వేసి ఉంచండి. ఇసుక జల్లెడ పట్టే స్టార్‌ఫిష్‌ని ఎంత పొగిడినా తేవద్దు, ఇసుకలోని జీవాన్నంతా తినేసి ఆకలితో చస్తుంది. ఐప్టేసియా (కోరల్స్‌ని కుట్టే, కలుపులా పెరిగే చిన్న ఎనిమోన్) మొలిస్తే పెప్పర్‌మింట్ రొయ్య తెచ్చుకోవచ్చు. అయితే కామెల్ రొయ్యని అదే పేరుతో అమ్మేవాళ్లున్నారు. వీపు గూనిలా లేచి, ఎరుపు మీద తెల్లటి గీతలు, చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే అది కామెల్. అది మీ జోయాంథిడ్లని తినేస్తుంది.

నత్తలు, రొయ్యలు ఉప్పు సాంద్రతలో మార్పుని చేపలంత తేలిగ్గా తట్టుకోలేవు. షాపు నీళ్ల సాంద్రత ముందు కొలవండి. మీది 1.025 ఉండి అక్కడిది బాగా తక్కువైతే, సన్నటి పైపుతో చుక్కచుక్కగా మీ నీళ్లు కలుపుతూ గంట, గంటన్నర సమయం ఇవ్వండి. సంచిలోని నీళ్లు ట్యాంకులో పోయకుండా జీవుల్ని మాత్రం వేయండి.