డీఎన్ఏ కిట్టు డబ్బు వాపసు రావాలంటే

హనుమకొండ నుంచి డల్లాస్ వచ్చిన ఒక తమ్ముడి ప్రశ్న: పూర్వీకుల వివరాలు చెప్పే డీఎన్ఏ కిట్టు కొన్నాను. చెప్పిన గడువు దాటినా ఫలితం రాలేదు. డబ్బు అడిగితే నమూనా ల్యాబులో ఉందంటున్నారు. ఏం చేయాలి?

తమ్ముడూ, ముందు నీ క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు తెరిచి ఆ ఖర్చు ఏ తేదీన పడిందో చూడు. తక్కినవన్నీ ఆ తర్వాతే. మీ తరానికి కొనడంలో ఉన్న చురుకు బిల్లు చదవడంలో ఉండదు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ అలాంటి కిట్టే కొన్నాను. పరకాల దగ్గరి మా పల్లెకు తాతల తండ్రులు ఎక్కడి నుంచి వచ్చారో తెలుసుకోవాలని ఆశ. గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపి, మూత బిగించి, లోపలి ద్రవం కలిసేలా ఊపి పోస్టులో వేశాను. గొట్టం మీది నంబరును మాత్రం వెబ్‌సైటులో నమోదు చేయలేదు. అది లేకపోతే ఆ ఉమ్మి ఎవరిదో ల్యాబుకు తెలియదు, పరీక్ష మొదలే కాదు. ఆలస్యంగా నమోదు చేస్తే, నమూనాలో డీఎన్ఏ చాలలేదు, ఇంకో కిట్టు పంపుతామన్నారు. ప్రతి జవాబులోనూ క్షమాపణే, ఇంకొంచెం ఓపిక పట్టమనే మాటే. పట్టాను. ఈలోగా కార్డు మీద ఫిర్యాదు చేసే గడువు దాటిపోయింది. వరంగల్ బ్యాంకులో చదువు అప్పుకు వడ్డీ పెరుగుతున్న రోజులవి. నాన్నకు పంపాల్సిన డాలర్లు అలా పోయాయి. ఆ తర్వాత మాత్రం ఈ దేశంలో ఎవరి దగ్గరా నా డబ్బు చిక్కుకోనివ్వలేదు.

ఇక్కడి 1974 నాటి చట్టం ప్రకారం ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంటు పంపిన 60 రోజుల్లోగా కార్డు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేరాలి. డెబిట్ కార్డుకు ఇది వర్తించదు. మిగతా నిబంధనలు బ్యాంకు సైటులోనే ఉంటాయి. కంపెనీ ఎంత పెద్దదైనా నమ్మి కూర్చోకు. 2025 మార్చిలో ఇలాంటి కిట్లమ్మే ట్వంటీత్రీ అండ్ మీ అంతటి కంపెనీయే దివాలా కోర్టుకు వెళ్లింది. అలాంటప్పుడు నీ వాపసు కూడా కంపెనీకి అప్పిచ్చినవాళ్ల వరుసలో చేరుతుంది.

ఇంకో మాట. ఫలితం వచ్చినా నీ ఊరి పేరు అందులో ఉండదు. చాలావరకు దక్షిణ భారతం అనే ముద్ద పేరే వస్తుంది. పోల్చి చూడటానికి వాళ్ల దగ్గర మనవాళ్ల నమూనాలు తక్కువ. వెయ్యి జన్యుపటాల అంతర్జాతీయ ప్రాజెక్టులోని తెలుగు నమూనాలు కూడా బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్లవే. ఆ డబ్బుతో ఇంటికి ఫోను చేసి పెద్దమ్మను అడిగినా ఇంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

ఈ రాత్రే ఆర్డరు రసీదు, వాళ్లు ఇచ్చిన గడువు, జవాబులు అన్నీ దాచి, బ్యాంకుకు రాయి. నమూనా ధ్వంసం చేయమని కంపెనీకీ రాయి. ఖాతా తీసెయ్యమని మాత్రం డబ్బు చేతికి వచ్చాకే అడుగు. ముందే అడిగితే నీ ఆర్డరు వివరాలు కూడా దాంతోనే పోవచ్చు.