పాత పికప్ ఎత్తు పెంచే ముందు ఏం తగులుతోందో చూడండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లె. నా దగ్గర 2011 మోడల్ పికప్ ఉంది. ఇంజను లాగుడు వెనక చక్రాలకే ఉంటుంది. ఇప్పుడున్న టైర్లు 215/75 ఆర్ 15. వానాకాలంలో ఎరువు బస్తాలు, ఆ తర్వాత పత్తి, కోతలయ్యాక మిర్చి టిక్కీలు (బస్తాలు) ఇందులోనే తోలుతాను. వాన పడితే పొలం డొంకలో ట్రాక్టర్లు తీసిన గాళ్ల మధ్య మిట్టకు వెనక డిఫరెన్షియల్ (ఇరుసు నడుమ ఉండే గేర్ల డబ్బా) తగిలి బండి ఆగిపోతోంది. మూడు అంగుళాలు ఎత్తించాలనుకుంటున్నాను. ఆటోనగర్‌లో ఒకరు వెనక కమాన్ల (పట్టీల స్ప్రింగుల) దగ్గర ఇనుప దిమ్మలు వేస్తే చాలన్నారు. ఇంకొకరు కమాన్ వెనక కొనను బండి చట్రానికి కలిపే షాకిళ్లు పొడవు చేస్తామన్నారు. మరొకరు ముందు వైపు స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ అనే కడ్డీ బోల్టు బిగిస్తే రెండు అంగుళాలు లేస్తుందన్నారు. ఏది చేయించమంటారు?

జవాబు: మీకు చెప్పిన మూడు పద్ధతులతోనూ బండి పైకి లేస్తుంది, కానీ మీ డిఫరెన్షియల్ మాత్రం ఇప్పుడున్న చోటి నుంచి ఒక్క నూలు కూడా లేవదు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలని కోరుతున్నాను. డిఫరెన్షియల్ ఉండేది వెనక ఇరుసు మీద, ఇరుసు ఉండేది చక్రాల మీద. దిమ్మ వేసినా, షాకిల్ పొడవు చేసినా, కమాన్ కట్టలో పట్టీ కలిపినా ఇరుసుకు పైనున్న ఛాసిస్ (చట్రం), తొట్టి, క్యాబిన్ మాత్రమే పైకి పోతాయి. నేలకూ ఇరుసుకూ మధ్య దూరాన్ని పెంచగలిగేది టైరు ఒక్కటే. ఛాసిస్ అడ్డపట్టీ, సైలెన్సర్ గొట్టం, డీజిల్ ట్యాంకు, కింద వేలాడే స్టెప్నీ వంటివి తగులుతుంటే కమాన్ల పని అక్కరకొస్తుంది. మీకు తగిలేది అది కాదు.

అందుచేత టైర్ల సంగతి ముందు చూద్దాం. 215/75 ఆర్ 15 టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. 235/75 ఆర్ 15 వేస్తే అది 733 అవుతుంది. పెరిగిన 30లో సగం ఇరుసుకు పైన, సగం కింద పోతుంది కనుక డిఫరెన్షియల్ కింద మీకు దక్కేది 15 మిల్లీమీటర్లు. మీ పాత టైర్లు అరిగి ఉంటే, కొత్త టైరుకు నేలకు ఆనే రబ్బరు మందం వల్ల మరో ఐదారు మిల్లీమీటర్లు కలుస్తాయి. రెండు సెంటీమీటర్లు మీకు తక్కువగా తోచవచ్చు, అయితే తడిసిన నల్లరేగడి మిట్టను డిఫరెన్షియల్ హౌసింగ్ (దాని ఇనుప గుల్ల) దున్నుకుంటూ పోవడానికీ దాని మీదుగా జారిపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతే ఉంటుంది.

ఇంతకంటే పెద్ద టైరుకు పోవద్దని గట్టిగా చెబుతాను. ఈ ఒక్క సైజుకే చక్రం 4 శాతానికి పైగా పెద్దదవుతుంది. స్పీడోమీటరు 60 చూపినప్పుడు బండి నిజంగా 62కు పైనే నడుస్తుంది. మొదటి గేరు ఆ మేరకు బరువెక్కుతుంది, టిక్కీల లోడుతో బురదలో ఎక్కేటప్పుడు క్లచ్ మీద ఆ బరువు పడుతుంది, బ్రేకు పట్టు కూడా అంతే తగ్గుతుంది. కొనేటప్పుడు సైజుతో పాటు టైరు పక్కన అచ్చు వేసిన లోడు సంఖ్యను తప్పక చదవండి. కార్లకు, జీపులకు చేసిన అదే సైజు టైరు సరుకు బండి టైరు మోసేంత బరువు మోయలేకపోవచ్చు, కాబట్టి ఇప్పుడున్న దానికంటే ఆ సంఖ్య తగ్గకూడదు. మీ మోడల్‌లోనే పై రకానికి కంపెనీ ఏ సైజు ఇచ్చిందో కనుక్కుని దానికే కట్టుబడడం అన్నిటికంటే క్షేమం.

ఇక కమాన్ల విషయం. పధ్నాలుగు పదిహేనేళ్లు లోడు మోసిన బండి తన అసలు ఎత్తులో ఉండదు. మీరు అడుగుతున్న మూడు అంగుళాల్లో కొంత భాగం ఆ బండి ఏళ్ల తరబడి పోగొట్టుకున్నదేనని నా నమ్మకం. దాన్ని కొలవడం సులభం. బండిని ఖాళీ చేసి, నాలుగు టైర్లలో సరైన గాలి పెట్టి, చదునైన సిమెంటు నేల మీద నిలపండి. ఒక్కో చక్రం నట్టనడుమ నుంచి నిలువుగా పైనున్న మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టి, వచ్చిన అంకెను ఆ మడ్‌గార్డు మీదే సుద్దముక్కతో రాయండి. కుడి ఎడమల మధ్య ఒక సెంటీమీటరుకు మించి తేడా ఉంటే ఒక కమాన్ కట్ట చతికిలబడిందని, లేదా లోపల ఎక్కడో పట్టీ విరిగిందని అనుమానించాలి. విరిగిన పట్టీ తరచుగా మట్టి పట్టి కనిపించదు. కమాన్‌ను ఇరుసుకు బిగించే యూ బోల్టుకు ఆనుకుని ఉన్న చోట వైరు బ్రష్‌తో రుద్ది చూస్తే సన్నని తుప్పు గీత బయటపడుతుంది. అదే మోడల్‌లో తక్కువ తిరిగిన బండి మీ ఊళ్లో ఉంటే దాన్నీ ఇలాగే కొలిచి పోల్చుకోండి.

చతికిలబడిన కట్టను చల్లగానే సుత్తెతో కొట్టి మళ్లీ వంపు తెప్పించడం చవక పనే కానీ, అలా తెచ్చిన వంపు లోడు పడితే త్వరలోనే దిగిపోతుంది. గ్యాసుతో వేడి చేసి వంచుతామంటే అసలు ఒప్పుకోవద్దు, ఆ వేడికి ఉక్కులోని పదును పోతుంది. కట్ట మొత్తం కొత్తది వేయించడం ఉత్తమం. అంత ఖర్చు వద్దనుకుంటే, విరిగిన పట్టీలు మార్చి, పొడవాటి పట్టీ ఒకటి అదనంగా కలపడం రెండో మార్గం. మీది లోడు తోలే బండి కనుక ఈ రెండో మార్గం మీకు బాగానే సరిపోతుంది, కాకపోతే ఖాళీగా తిరిగినప్పుడు వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. పట్టీ కలిపినంత మాత్రాన ఆర్‌సీలో రాసిన బరువు పరిమితి పెరగదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఏ పని చేయించినా యూ బోల్టులు కొత్తవే వేయించండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అవి కొంత సడలుతాయి కాబట్టి షాపుకు తిరిగి వెళ్లి బిగింపు చూపించుకోండి.

దిమ్మల పద్ధతి నాకు ఇష్టం లేదు. వెనక చక్రాలు బండిని తోసేటప్పుడు ఇరుసు తనంతట తాను మెలితిరగాలని చూస్తుంది. కమాన్ పట్టీకీ ఇరుసుకూ మధ్య దిమ్మ పెడితే ఆ మెలికకు మీట పొడవు పెరిగినట్టవుతుంది. అప్పుడు బురదలో గట్టిగా యాక్సిలరేటరు ఇస్తే పట్టీలు పాములాగా వంపు తిరిగి చక్రం దడదడ ఎగురుతుంది. మీది వెనక చక్రాలే లాగే బండి కనుక ఆ దెబ్బంతా అక్కడే పడుతుంది. దిమ్మ మీద దిమ్మ పేర్చడం ప్రాణాపాయం. పొడవు షాకిల్ అయితే, రెండు అంగుళాలు పొడవు పెంచితే ఒక అంగుళమే లేస్తుంది. కమాన్ వెనక కొన మాత్రమే ఎత్తుకు మారడం వల్ల ఇరుసు కొద్దిగా తిరిగి, డిఫరెన్షియల్ ముక్కు కోణం మారిపోతుంది. పికప్‌లో ఇంజను లాగుడును వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవైనది, చాలావాటిలో రెండు ముక్కలుగా నడుమ సెంటర్ బేరింగ్‌తో ఉంటుంది. కోణం తప్పిన షాఫ్ట్ బండి కదిలేటప్పుడు గుడగుడమని అదరడం, క్రాసులు (షాఫ్ట్ కీళ్లు) త్వరగా పోవడం నేను నా సొంత బండిలోనే చూశాను. ఒక షాపులో పొడవు షాకిళ్లు వేయించుకున్న ఆరు నెలలకే సెంటర్ బేరింగ్ మార్చవలసి వచ్చి, చివరికి పాత షాకిళ్లే వెతికి పెట్టించాను.

ముందు వైపు టార్షన్ బార్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. బోల్టు బిగిస్తే బార్ గట్టిపడుతుందని అనుకుంటారు. నిజానికి బార్ గట్టిదనం మారదు, అది మొదలయ్యే చోటు మారి బండి పైకి నిలుస్తుంది, అంతే. పైకి నిలిచినకొద్దీ చక్రం గుంటలోకి దిగడానికి మిగిలే జాగా తగ్గిపోతుంది. రెండు అంగుళాలు లేపిన బండి చిన్న గుంట వచ్చినా పై ఆర్మ్ రబ్బరు స్టాపరుకు టక్కున కొట్టుకుంటుంది. మీ బండిలో ముందు చక్రాలకు లాగే షాఫ్టులు లేవు కనుక నాలుగు చక్రాలూ లాగే బండిలాగా అవి విరుగుతాయన్న భయం లేదు, అయితే ముందు చక్రాల కీళ్లైన బాల్ జాయింట్లూ, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లూ ఎంత కోణం దాకా తిరగగలవో అదే మీకు హద్దు. బార్లు దిగిపోయి ఉంటే, కుడి ఎడమలు సమంగా, బండి అసలు ఎత్తు వచ్చే వరకు మాత్రమే బిగించండి. ఆ పని ముగిసిన రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైర్లు కొద్ది నెలల్లోనే ఒక అంచున అరిగిపోతాయి. హెడ్‌లైట్ల వాలు కూడా అప్పుడే సరిచేయించాలి.

షాపుల్లో ఎక్కువగా మరిచిపోయే ఒక భాగాన్ని మీరే చూసుకోవాలి. వెనక తొట్టి కింద పడుకుని చూస్తే, ఛాసిస్‌కు బిగించిన అరచేతిలో పట్టేంత ఇనుప డబ్బా, దాని నుంచి ఇరుసు దాకా సన్నని కడ్డీ లేదా స్ప్రింగు కనిపించవచ్చు. అది లోడును బట్టి వెనక బ్రేకులకు ఒత్తిడి పంచే వాల్వు. తొట్టిలో బరువు పడితే ఛాసిస్ ఇరుసుకు దగ్గరవుతుంది, ఆ కడ్డీ కదలికతో వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. ఛాసిస్‌ను అసలు ఎత్తుకు మించి లేపి కడ్డీని సర్దకపోతే, నిండు లోడుతో ఉన్నా బండి ఖాళీగా ఉందనే లెక్కతో అది వెనక బ్రేకును తగ్గించేస్తుంది. మంగళగిరి దగ్గర జాతీయ రహదారి మీద ముందున్న లారీ అకస్మాత్తుగా ఆగినప్పుడు ఆ తేడా ఎంతటిదో ఊహించండి. అలాగే జాకీతో ఛాసిస్ ఎత్తి చక్రాలను గాలిలో వేలాడనిచ్చి, బ్రేకు రబ్బరు గొట్టాలు బిగుసుకుపోతున్నాయేమో, షాకబ్జార్బర్లు చివరిదాకా సాగిపోయాయేమో చూడాలి.

చట్టం మాటా ఒకటి చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చు. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చూపించాలి కనుక, మూడు అంగుళాలు లేచిన బండి ఆ తనిఖీలో ఎదురయ్యే ప్రశ్నలకు మీరే జవాబు చెప్పుకోవాలి. చతికిలబడిన కమాన్లను అసలు ఎత్తుకు తేవడం మరమ్మతు కిందికే వస్తుంది.

ఎత్తు పెరిగితే పట్టు పెరగదు. ఖాళీ పికప్‌లో వెనక బరువు తక్కువ, రేగడిలో చక్రం తిరిగేది అందుకే. వానాకాలంలో ఖాళీగా వెళ్లేటప్పుడు రెండు మూడు ఇసుక బస్తాలు సరిగ్గా వెనక ఇరుసు పైన పడేలా వేసి కదలకుండా కట్టండి. డొంకలో గాళ్లు లోతుగా ఉంటే గాళ్లలోకి దిగకుండా, ఒక వైపు చక్రాలు నడిమి మిట్ట మీద, రెండో వైపు చక్రాలు గాడికి బయటి అంచు మీద వచ్చేలా నడపండి. అప్పుడు డిఫరెన్షియల్ కిందికి మిట్ట బదులు గాడి వస్తుంది.

ప్రశ్న: ఛాసిస్‌కూ క్యాబిన్‌కూ మధ్య ముక్కలు పెట్టి బాడీ ఒక్కటే లేపితే చవకగా అయిపోతుంది కదా? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చవకే, కానీ బండి కింద నేలకు తగిలే ఏ భాగమూ లేవదు. పెద్ద టైరుకు మడ్‌గార్డు దగ్గర చోటు మాత్రం దొరుకుతుంది. స్టీరింగ్ రాడ్డు సాగుతుంది, రేడియేటరు బాడీతో పైకి పోయి ఫ్యాను కిందే ఉండిపోతుంది, గేరు రాడ్డు రంధ్రం తప్పుతుంది. పాత బండికి ఇది వద్దు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా పికప్ అజిత్‌సింగ్ నగర్‌లో నీళ్లలో నిలిచిపోయింది. మళ్లీ అలా కాకుండా రెండు అంగుళాలు లేపించవచ్చా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఆ రోజు మీ వీధుల్లో నిలిచిన నీటి ముందు రెండు అంగుళాలు ఏ మూలకూ రావు. నీరు పారుతున్న చోట ఏ ఎత్తు బండినీ దింపకండి. నిలిచిన నీటిలో తప్పనిసరై నడపవలసి వస్తే, ఇంజను గాలి పీల్చుకునే గొట్టం నోరు ఎంత ఎత్తున ఉందో ముందే చూసుకోండి. డీజిల్ ఇంజను ఆ నోటి గుండా నీళ్లు మింగితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. వెనక ఇరుసు మీద చిన్న ఊపిరి మూత ఉంటుంది. వేడెక్కిన హౌసింగ్ నీళ్లలో దిగి ఒక్కసారిగా చల్లబడితే ఆ మూత దగ్గర నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. దానికి రబ్బరు గొట్టం తొడిగి తొట్టి ఎత్తు దాకా పైకి కట్టించండి, చాలా కొద్ది ఖర్చుతో అయ్యే పని. వరదలో నిలిచిన మీ బండిలో డిఫరెన్షియల్ ఆయిల్ ఇంకా మార్పించకపోతే, ఈ వారమే ప్లగ్గు విప్పించి కొద్దిగా బయటికి తీసి చూడండి. అది పాలు కలిపిన టీ రంగులో ఉంటే పూర్తిగా దింపించి కొత్తది పోయించాలి.