బానెట్ మీద రాయి దెబ్బలు: టచప్ సీసా తెరిచే ముందు

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

ముందుపోతున్న లారీ టైర్ల నుంచి ఎగిరిన కంకర బానెట్ మీద పెయింట్ ఎగరగొట్టిందనీ, టచప్ సీసా తెచ్చి పూసేస్తే సరిపోతుందా అనీ అడిగావు. సరిపోతుంది. కాకపోతే మూత తీసే ముందు ఒక్కో దెబ్బ ఎంత లోతుకి దిగిందో పగటి వెలుతురులో చూసుకో. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మందమే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పైన రంగులేని, మెరిసే క్లియర్ కోట్, దాని కింద రంగు, ఆ కింద రంగు పట్టుకోవడానికి వేసే ప్రైమర్, అన్నిటికన్నా అడుగున తుప్పు పట్టకుండా రేకుని పట్టుకుని ఉండే ఈ-కోట్ అనే పొర. గుంటలో బూడిదరంగో తెలుపో కనిపిస్తే రాయి ప్రైమర్ దగ్గర ఆగినట్టే, తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. మెరిసే లోహమో గోధుమరంగు చుక్కో కనిపిస్తే మాత్రం ఆలస్యం చెయ్యకు. తుప్పు చుట్టుపక్కల పెయింట్ కిందకి పాకుతుంది, పైకి ఆవగింజంతే కనిపిస్తుంది.

బంపర్ ప్లాస్టిక్ కాబట్టి దానికి తుప్పు బెంగ లేదు. బానెట్‌కి అయస్కాంతం అంటుకోకపోతే అది అల్యూమినియం అయి ఉండొచ్చు. అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు గానీ తెల్లటి పొడి పొంగుతుంది, దాన్నీ గీకాల్సిందే.

రంగు పేరు చెప్పి సీసా కొనకు. కోడ్ చూసి కొను. డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీదో, బానెట్ కిందో స్టిక్కర్ ఉంటుంది. తెచ్చాక ఓ అట్టముక్క మీద చుక్క పెట్టి ఆరనిచ్చి కారు పక్కన పెట్టి చూడు. తడిగా ఉన్నప్పటి రంగుని నమ్మొద్దు.

షాంపూతో కడిగి, తారు మరకలు పోగొట్టి, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. పాలిష్‌లోని సిలికాన్ ఏమాత్రం మిగిలినా కొత్త పెయింట్ గుంటలో నిలవదు, ముడుచుకుని పక్కకి పారిపోతుంది. తర్వాత దెబ్బ మీద మాస్కింగ్ టేప్ గట్టిగా అదిమి లాగు. ఊడే పెయింట్ ఇప్పుడే ఊడిపోవాలి. మిగిలిన వదులు అంచుల్ని బ్లేడు మొనతో తీసెయ్. తుప్పుంటే సూదిమొనతో లోహం మెరిసేదాకా గీకు. సన్నటి గుంతల్లో ఇంకా నల్లగా మిగిలితే తుప్పుని గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ ఒక్క చుక్క వేసి, సీసా మీద రాసినంతసేపూ ఆగు. ప్రైమర్ లోహం బయటపడ్డచోట మాత్రమే, అదీ పలచగా ఒక్క పూత చాలు.

రంగు వేసేటప్పుడు కారు నీడలో ఉండాలి, రేకు చేతికి చల్లగా తగలాలి. సీసాని రెండు నిమిషాలైనా బాగా ఊపు. మెటాలిక్ రంగైతే మెరుపు రేణువులు అడుగున కూర్చుని ఉంటాయి. మూతకుండే బ్రష్ ఇంత చిన్న దెబ్బకి మరీ లావు, దాన్ని పక్కన పెట్టు. టూత్‌పిక్ కొనకి చుక్క తీసుకుని గుంట మధ్యలో తాకించు. రుద్దకు, రంగు తనంతట తనే అంచులదాకా పారుతుంది. చుట్టూ టేప్ వెయ్యొద్దు, తీశాక గట్టు మిగులుతుంది.

పెయింట్‌లోని థిన్నర్ ఎగిరిపోగానే చుక్క కుంగుతుంది. అందుకే అరగంట నుంచి గంట ఎడంతో రెండు మూడు పూతలు వెయ్యాలి. ఒకేసారి నింపేస్తే పైన పొర కట్టి థిన్నర్ లోపల ఇరుక్కుంటుంది. తర్వాత అది కుంగనైనా కుంగుతుంది, బుడగైనా లేస్తుంది. రంగుని చుట్టూ ఉన్న పెయింట్ కన్నా ఒక వెంట్రుకవాసి కిందే ఆపి, మిగతా ఎత్తు క్లియర్ కోట్‌తో తే. చుక్క పక్కకి పడితే వెంటనే థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచెయ్యొచ్చు. ఫ్యాక్టరీలో కాల్చిన పెయింట్‌కి ఆ కాస్త తుడుపు ఏమీ చెయ్యదు. అదే మధ్యలో ఎవరైనా మళ్లీ పెయింట్ వేసిన ప్యానెల్ అయితే థిన్నర్ ముట్టించకు, లేచిపోవచ్చు.

పని చెడేది ఎక్కువగా రుద్దుడు దగ్గరే. కనీసం వారం ఆరనివ్వు. అప్పుడు 2000 నంబరు వాటర్ పేపర్‌ని (నీళ్లతో రుద్దే సన్నటి గరుకు కాగితం) దెబ్బంత ముక్కగా కత్తిరించి, పెన్సిల్ వెనక ఉండే చదునైన రబ్బరుకి అతికించి, సబ్బునీళ్లతో పైకి లేచిన బొడిపెని మాత్రమే రుద్దు. నాలుగైదు రుద్దులకోసారి తుడిచి చూడు. మధ్య నుంచి అంచులదాకా మెరుపు పోయి అంతా ఒకేలా మసకబారిందంటే బొడిపె సమానమైనట్టే, అక్కడితో ఆపెయ్. తర్వాత 3000 నంబరు, ఆపైన చేత్తో రబ్బింగ్ కాంపౌండ్. చుట్టూ ఉన్న క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లే ఉంటుంది. ఎండ నుంచి రంగుని కాపాడేది అదే, అరిగితే తిరిగి రాదు. ప్యానెల్ అంచులమీదా మడతలమీదా పెయింట్ ఇంకా పలచన, అక్కడ కాగితం పెట్టనే పెట్టకు. నన్నడిగితే మొదటి దెబ్బలకి అసలు రుద్దొద్దంటాను. చిన్న బొడిపె రెండడుగుల దూరం నుంచి కనబడదు, రంగుదాకా అరిగిన మచ్చ వీధి చివర నుంచి కూడా కనిపిస్తుంది.

రేకు లోపలికి సొట్ట పడినా, దెబ్బ ఐదారు మిల్లీమీటర్లు దాటినా, మూడు పూతల ముత్యపు తెలుపు లాంటి రంగైనా పెయింటర్‌కి ఇచ్చెయ్. ఆ తెలుపు ఒక్క సీసాతో కలవదు, అడుగు రంగు ఒకటి, పైన ముత్యపు పూత ఒకటి వేరుగా ఉంటాయి. ఆ లోపు లోహం బయటపడ్డ చోట గీకి ప్రైమర్ చుక్క మాత్రం నువ్వే పెట్టి పంపు.

కొత్త చుక్కల మీద నెలపాటు వాక్స్ రాయకు, మిగిలిన థిన్నర్ బయటికి పోవాలి. కడగడం మూడో రోజు నుంచి మొదలుపెట్టుకో. ప్రెషర్ వాషర్ గన్ మాత్రం దగ్గరగా పెట్టి చుక్క అంచుమీదకి కొట్టనియ్యకు, ఎంత బాగా పట్టిన చుక్కనైనా అంచు కిందనుంచి లేపేస్తుంది.

మీ మామయ్య