బ్లోఅవుట్ ప్రివెంటర్ ఉండి కూడా డీప్‌వాటర్ హొరైజన్ ఎందుకు పేలింది?

అదుపు తప్పిన బావిని మూసేసే బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే అయిదంతస్తుల ఎత్తు యంత్రాన్ని బావి నోటికి బిగించాక కూడా 2010లో మెక్సికో సింధుశాఖలో, చమురు బావులు తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద అంత ప్రమాదం ఎలా జరిగిందని అడిగారు. కాకినాడ తీరానికి అవతల ఒక రిగ్గు మీద మడ్ లాగర్‌గా పనిచేసినవాణ్ణి. నా కుర్చీలోంచి చూస్తే ఆ యంత్రం వంతు చాలా ఆలస్యంగా వస్తుంది.

బావిని అదుపులో ఉంచేది మడ్, అంటే పైపు గుండా కిందికి పంపే బరువైన ద్రవం. పంపినదానికంటే ఎక్కువ తిరిగి వస్తోందంటే అడుగున గ్యాసో చమురో చొరబడుతున్నట్టే. దాన్ని కిక్ అంటారు. తొట్టెల్లో మట్టం పెరుగుతోందేమోనని తెర ముందు కూర్చుని కనిపెట్టడమే నా ఉద్యోగం. చెప్పకుండా ఒక తొట్టెలోంచి మరోదానిలోకి మడ్ మళ్లిస్తే లెక్కంతా గందరగోళం. ఈ విషయంలో డ్రిల్లర్లతో నాకు తరచూ గొడవే.

ఏప్రిల్ 20 మధ్యాహ్నం, ఆ రిగ్గు తవ్విన మకాండో బావి దగ్గర మడ్‌ను పక్కనున్న ఓడలోకి పంపుతూ పోయారు. తొట్టెల లెక్క చూడటం కష్టమైంది. అది చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. సాయంత్రం, సిమెంటు బావిని సరిగా మూసిందో లేదో చూసే పరీక్షలో డ్రిల్ పైపు 1,400 పీఎస్ఐ ఒత్తిడి చూపింది, కిల్ లైను, అంటే ప్రివెంటర్ పక్కగా బావిలోకి కలిసే సన్నపు గొట్టం, సున్నా చూపింది. రెండూ ఒకే బావిలోకి తెరిచి ఉంటే అలా ఉండకూడదు. పైనున్న బరువైన మడ్ నొక్కడం వల్లే అని సర్దిచెప్పుకుని, పరీక్ష నెగ్గిందనుకున్నారు. తర్వాత మడ్ తీసేస్తూ సముద్రపు నీరు నింపారు. బావిని నొక్కి ఉంచిన బరువు అలా తగ్గిపోయింది.

ప్రివెంటర్ మూయబోయేసరికి గ్యాస్ దాన్ని దాటి, అక్కణ్ణుంచి రిగ్గు దాకా వెళ్లే రైజర్ గొట్టంలోకి ఎక్కేసింది. పైకి వచ్చేకొద్దీ అది ఉబ్బుతుంది. దాన్ని నేరుగా సముద్రం మీదికి వదలకుండా మడ్ నుంచి గ్యాస్‌ను వేరుచేసే సెపరేటర్‌లోకి మళ్లించడంతో రిగ్గును కమ్మేసి, అంటుకుని పేలింది. 11 మంది చనిపోయారు. పైపు పక్కకు వంగి ఉండటంతో షియర్ ర్యామ్, అంటే పైపును కోసి బావిని మూయాల్సిన ప్రివెంటర్ కత్తి, దాన్ని పూర్తిగా కోయలేకపోయింది. అది యంత్రం వైఫల్యమే, కాదనను.

1995లో కోనసీమలోని పాశర్లపూడి బావి 65 రోజులు మండినా, అది నేల మీద ఉంది కాబట్టి మనుషులు దగ్గరికి వెళ్లగలిగారు. మకాండోలో బావి నోరు సముద్రంలో ఒకటిన్నర కిలోమీటర్ల లోతున ఉంది. రోబోలే దిక్కు. 87 రోజులకు, జూలై 15న మూత పడింది. సముద్రంలో చేరిన చమురు 31.9 లక్షల బ్యారెళ్లని కోర్టు తేల్చింది, ప్రభుత్వ అంచనా ఇంకా ఎక్కువ.

రిగ్గు ఉద్యోగానికి వెళ్తున్నానని రాశారు. ప్రివెంటర్ సంగతి వాళ్లే చూపిస్తారు. అనుమానం వస్తే ఫ్లో చెక్ కోసం, అంటే పంపులు ఆపి బావి దానంతటదే పారుతోందేమో చూడటానికి, పని ఆపించే అధికారం లాగర్‌కు ఉందా అని మాత్రం మొదటి రోజే అడగండి.