కర్నూలు కోట నుంచి లండన్ పార్లమెంటుకు

ప్రశ్న: 1839లో కర్నూలు మీదికొచ్చిన ఈస్టిండియా కంపెనీ దండులో ఉన్న బాల్ఫర్ తర్వాత బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడయ్యాడట. మద్రాసు మ్యూజియం బాల్ఫర్ కూడా ఇతనేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కాదండీ, మ్యూజియం బాధ్యత చూసుకున్నది తమ్ముడు ఎడ్వర్డ్, డాక్టరు. మీరడిగింది అన్న జార్జ్ గురించి. పాత రికార్డుల్లో ఇద్దరూ ‘బాల్ఫర్, మద్రాసు’గానే తగులుతారు. పేరు పక్కన ‘సర్జన్’ అని ఉంటే తమ్ముడు, ‘ఆర్టిలరీ’ అని ఉంటే అన్న.

జార్జ్ 1809లో పుట్టాడు, ఊరు స్కాట్లండ్‌లోని మాంట్రోజ్. నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఆయుధాలు పోగుచేశాడని కంపెనీ దండు కదిలినప్పుడు అందులో ఉన్నాడు. 1839 అక్టోబరు 18న జోహరాపురం దగ్గర జరిగిన పోరులోనూ ఉన్నాడు. అయితే అతన్ని పైకి తెచ్చింది ఫిరంగి కాదు, లెక్కల పుస్తకం.

చైనాతో బ్రిటన్ చేసిన మొదటి నల్లమందు యుద్ధం తర్వాత 1843 నవంబరులో షాంఘైకి తొలి బ్రిటిష్ కాన్సుల్‌గా (ప్రభుత్వ ప్రతినిధిగా) వెళ్లాడు. అప్పట్లో విదేశీయులు అక్కడ భూమి కొనడానికి వీల్లేదు. 1845లో అక్కడి చైనా అధికారితో కలిసి అతను కుదిర్చిన నిబంధనలు శాశ్వత కౌలుకు దారి తీశాయి: ‘మూ’కు ఏడాదికి 1,500 రాగి నాణేలు. మూ అంటే ఎకరంలో సుమారు ఆరో వంతు, మన లెక్కలో 16 సెంట్ల పైచిలుకు. పత్రం మాత్రం కొనుగోలు పత్రం కాదు, కౌలు పత్రమే. ఇది గమనించకపోతే షాంఘై భూముల చరిత్ర మొత్తం తప్పుగా అర్థమవుతుంది.

మద్రాసుకు తిరిగొచ్చాక మిలిటరీ బోర్డు సభ్యుడు. 1850ల మొదట్లో మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) పబ్లిక్ వర్క్స్ పనితీరును విచారించిన కమిషన్‌లోనూ సభ్యుడు. 1860–62లో కలకత్తాలో సైనిక ఖర్చుల శాఖకు పెద్ద.

ఈ లెక్కల పట్టుదల మేనమామ పోలిక అనుకోవచ్చు. ప్రభుత్వ ఖర్చులో ప్రతి పైసా నిలదీసిన ఎంపీ జోసెఫ్ హ్యూమ్ అతని మేనమామ. 1848లో చేసుకున్నది ఆయన కూతురు షార్లెట్‌నే. మన మేనరికమే!

1872లో లిబరల్ పార్టీ తరఫున, సొంతూరికి పొరుగునే ఉన్న కింకార్డిన్‌షైర్ నుంచి గెలిచి 1892 దాకా కొనసాగాడు. ఎంపీలకు అప్పట్లో జీతం లేదు, అది 1911లో వచ్చింది. చేతిలో స్వంత ఆదాయమో పెన్షనో ఉన్నవాళ్లకే ఎంపీగా ఉండడం సాధ్యం. 1894లో లండన్‌లో చనిపోయాడు.

ప్రశ్న: అప్పటి ఇంగ్లీషు దొరలు ఆఫీసరు ఉద్యోగం కొనుక్కునేవారంటారు. జార్జ్ బాల్ఫర్ కూడా అంతేనా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: కాదమ్మా. కొనడం బ్రిటిష్ ప్రభుత్వ సైన్యంలోని పదాతి, అశ్విక దళాల్లో. మామూలు పదాతి దళంలో చిన్న ఆఫీసరు పదవి అధికారిక ధర 450 పౌండ్లు. 1871లో అది రద్దయింది. ఫిరంగి దళంలో, ఇంజినీర్లలో కొనుగోలు ఎన్నడూ లేదు, గణితం రాకపోతే గురి కుదరదు కనుక. కంపెనీ ఫిరంగి దళానికి ఇంగ్లండ్‌లోని అడిస్కంబ్ సైనిక కళాశాలలో చదివి రావాల్సి ఉండేది. పదోన్నతి సీనియారిటీని బట్టే.