కూత ర్యామ్‌ది, వేటు డిస్కు మీద

ఆమదాలవలసలో నెట్ సెంటర్ నడిపే పాఠకుడొకరు అడిగారు: "పవర్ నొక్కగానే సిస్టమ్ మూడుసార్లు బీప్‌మంటోంది. తెర నల్లగానే ఉంటోంది. షాపులో చూపిస్తే వైరస్ అన్నారు, ఫార్మాట్ కొట్టాలి, బాక్స్ వదిలి వెళ్లమన్నారు. వదిలేయమంటారా?"

వద్దండీ. ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, అన్నిట్లోనూ ఇదే వైద్యం. ఆ కూత వినిపించే వేళకి కంప్యూటర్ ఇంకా మీ విండోస్ మొహమే చూడలేదు. ముందు బయోస్, అంటే బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రామ్, లేచి ప్రాసెసర్, ర్యామ్ అనే మెమరీ, డిస్‌ప్లే ఉన్నాయా అని తడుముకుంటుంది. ఏదైనా తేడా పడితే, తెర మీద చెప్పే వీల్లేక కూత పెడుతుంది. దానికి డిస్కుని ఫార్మాట్ కొట్టడమంటే, పన్ను నొప్పికి కాలికి కట్టు కట్టడమే.

బయోస్ తయారుచేసే కంపెనీలు వేరువేరు. ఏఎంఐ వాళ్ల బయోస్‌లో మూడు పొట్టి కూతలంటే ర్యామ్. ఎనిమిదైతే డిస్‌ప్లే. అవార్డ్ వాళ్ల బయోస్‌లో ఒక పొడవు, రెండు పొట్టి అయితే గ్రాఫిక్స్. ఎవరి లెక్క వాళ్లది కాబట్టి మీ బోర్డు మాన్యువల్ ఒకసారి చూడండి. మీదైతే నాకు ర్యామే అనిపిస్తోంది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, క్యాబినెట్ ఇనుము ఓసారి ముట్టుకుని ర్యామ్ తీయండి. మన సముద్రపు గాలి తేమకి ఆ పసుపు కాళ్లు మసకబారతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టక్‌మనే దాకా నొక్కండి. రెండు ఉంటే ఒక్కోటీ పెట్టి చూడండి.

మీ సిస్టమ్ కనీసం కూసింది. ఇప్పుడొచ్చే చాలా బోర్డులతో ఆ చిన్న స్పీకరే ఇవ్వడం లేదు. 1981 నాటి ఐబీఎం పీసీకి నోరుంది, రంగురంగుల లైట్లు తగిలించిన ఈ కాలపు డబ్బాకి లేదు! టీ ఖర్చు దగ్గర పిసినారితనం.

నా అసలు బెంగ వేరే. నెట్ సెంటర్ డిస్కంటే మీ ఒక్కరిదేనా? ఊరందరి ఆధార్ స్కాన్లు, పాన్ కాపీలు, పాస్‌బుక్ మొదటి పేజీలు, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు అందులోనే. పైపైన చేసే క్విక్ ఫార్మాట్ కొడితే అవి పోయాయని నమ్మలేం. విజయనగరంలో నేనొకసారి పాత హార్డ్ డిస్కు కొన్నాను, ఫార్మాట్ చేసిందే. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే ఎవరిదో పెళ్లి ఆల్బమ్, వాళ్ల ఇంటి దస్తావేజులు బయటపడ్డాయి. ఆ రాత్రే మొత్తం సున్నాలతో తిరగరాశాను.

అందుకే డిస్కు తీసి బీరువాలో పెట్టండి. రెండు తీగలు, నాలుగు స్క్రూలు. బోర్డుకే బిగించే సన్నటి ఎం.2 డిస్కు అయితే ఒక్క స్క్రూయే. బాక్స్ మాత్రమే షాపుకి పంపండి. "డిస్కు లేకుండా ఎలా చూస్తాం?" అంటారు. ర్యామ్ బాగైతే బూట్ డివైస్ దొరకలేదంటూ తెర మీద ఇంగ్లీషులో ఓ ముక్క వస్తుంది. అది కనిపిస్తే చాలు, డబ్బులిచ్చి బాక్స్ తెచ్చేసుకోండి.